రాజనీతివిద్యయు జీవనోపాధియు

పరీక్షాఫలితములు వెలువడిన దినములలో మన యిండ్లకు బంధువులు వచ్చినప్పుడు తప్పక వినబడు ప్రశ్న యొకటి కలదు. "అబ్బాయి యేమి చదివినాడు?" అని మొదట నడుగుదురు. "రాజనీతిశాస్త్రములో బి.ఏ. పూర్తిచేసినాడు" అని తండ్రి చెప్పును. అంతట క్షణకాలము మాట యాగిపోవును. పిమ్మట "అయితే ఇక నేమి చేయును?" అని రెండవ ప్రశ్న వచ్చును. వైద్యము చదివినవానిని గూర్చి గాని, ఇంజనీరింగు చదివినవానిని గూర్చి గాని యీ రెండవ ప్రశ్నను ఆ స్వరముతో నెవ్వరు నడుగరు. అందు జాలి కొంతయు, హేళన కొంతయు కలసియుండును. తండ్రి యొకింత తడబడి, "కలెక్టరు పరీక్షకు చదువబోవుచున్నాడు" అని చెప్పి మర్యాద నిలుపుకొనును. వచ్చినవారు తృప్తులై కాఫీ త్రాగి పోవుదురు. సంభాషణ మంతటితో ముగియును. కాని కుమారుని యౌవనమున నైదారేండ్లు ఆ యొక్క మాటకు తాకట్టు పడును.

ఆ తాకట్టు ధర్మమైనదా యని యీ వ్యాసమున విచారింపదలచితిమి. ఇందు రెండు ప్రశ్నలు చిక్కుపడియున్నవి. రాజ్యము నెట్లు నడుపవలెనో చదివినవాడు తన పొట్ట నెట్లు పోసికొనవలెను అనునది మొదటిది. ఇది వ్యవహారమునకు సంబంధించినది. ఒక విద్యకు విలువను దానివలన లభించు పదవిని బట్టి కట్టవచ్చునా యనునది రెండవది. ఇది నీతికి సంబంధించినది. రెండవదానికి మనము తప్పు సమాధానము చెప్పుకొనుటచేతనే మొదటిదానికి సమాధానము దొరకుటలేదని మా యభిప్రాయము.

కొన్ని విద్యల పేరులోనే వృత్తి యిమిడియున్నది. వైద్యము నేర్చినవాడు వైద్యుడగును. వడ్రంగము నేర్చినవాడు వడ్రంగి యగును. రాజనీతి నేర్చినవాడు రాజగునా? ప్రభుత్వముల నిర్మాణము, శాసనములు పుట్టు విధము, పౌరుల హక్కులు, పన్నులు, ఎన్నికలు, దేశములకు పరస్పరము గల సంధివిగ్రహములు ఈ శాస్త్రమునకు విషయములు. ఇవి యెల్లవారికి సంబంధించిన సంగతులు. ఎల్లవారిది యగుటచేతనే యిది ప్రత్యేకముగా నే యొక్కరి వృత్తియు గాక నిలిచినది. ఊరుమ్మడి చెరువు గట్టు తెగినప్పుడు పూడ్చుట కెవరికి వారు ఇతరులు పోవుదురని యూరకుండు చందమున, ఈ విద్యయు నెవరిది గాకుండ పోవుచున్నది.

అట్లని యీ విద్యనుండి కొలువు నాశించుట నీచమని మేము చెప్పుటలేదు. పాశ్చాత్యదేశములలో నిది పాఠశాలకెక్కినదే కొలువుల కొరకు. 1870-71 యుద్ధములో జర్మనులచేత నోడిన పిమ్మట, దేశమును నడుపువారి యజ్ఞానమే యీ దుస్థితికి మూలమని తలంచి, ఎమీల్ బూత్మీ యను ఫ్రెంచి విద్వాంసుడు 1872లో పారిస్ నగరమున రాజనీతిపాఠశాలను నెలకొల్పెను. అమెరికాలో జాన్ బర్జెస్ అను నాచార్యుడు 1880లో న్యూయార్కులోని కొలంబియా కళాశాలలో నిట్టి పాఠశాలను స్థాపించినప్పుడును, ప్రభుత్వోద్యోగములకు యువకులను సిద్ధపరచుట యందొక యుద్దేశమై యుండెను. కావున రాజనీతి చదివి రాజకార్యమున బ్రవేశింపగోరుట సహజమే. ఆ కోరికకు మేము విరోధులము కాము. ఆ కోరిక యొక్కటే యీ విద్యకు ఫలమనుటకు మాత్రమే విరోధులము.

మన భారతమును చదివినవారికి నీ భేదము క్రొత్త గాదు. విదురునికంటె నీతి తెలిసినవాడు హస్తినాపురమున లేడు. ఆయన సింహాసనము నెక్కలేదు. ఎక్కుటకు యత్నింపను లేదు. రాజునకు రుచింపని హితమును రాజు ముఖము మీదనే చెప్పెను. ద్రౌపదికి సభలో నవమానము జరిగిననాడు సర్వధర్మములు నెరిగిన భీష్ముడు ధర్మము సూక్ష్మమని పలికి తప్పుకొనెను; విదురుడు లేచి యడ్డుచెప్పెను. ఆ భీష్ముడే పిమ్మట అంపశయ్య మీదనుండి ధర్మరాజునకు రాజధర్మముల నుపదేశించెను. రాజనీతి యనగా నేమో యాయనకు తెలియదని యెవ్వ రనగలరు? తెలిసియుండుటకును, తెలిసినదానిని వలసినవేళ నుపయోగించుటకును గల దూరమును వ్యాసు డిందు చూపినాడు. ఈ విద్యకు విలువ కట్టవలసిన తావు ఆ వలసినవేళ యందే గాని, కూర్చున్న పీఠమునందు గాదు.

ఇక మన పిల్లలు పోయి తట్టుచున్న యొక్క తలుపు సంగతి చూతము. 2024వ సంవత్సరపు సివిల్ సర్వీసుల పరీక్షకు 9,92,599 మంది దరఖాస్తు పెట్టిరి. అందు ప్రాథమిక పరీక్షకు హాజరైనవారు 5,83,213 మంది. ప్రధాన పరీక్షకు అర్హులైనవారు 14,627 మంది. మౌఖిక పరీక్షకు పిలువబడినవారు 2,845 మంది. తుదకు 1,009 మంది యుద్యోగములకు సిఫారసు చేయబడిరి. అనగా హాజరైన ప్రతి 578 మందిలో నొక్కరికి మాత్రము తలుపు తెరువబడినది. మిగిలినవా రందరు బుద్ధిహీనులా? ఎంతమాత్రము గాదు. వెయ్యి కుర్చీలుగల గదిలో నారులక్షలమంది కూర్చుండజాలరు. అది లెక్క గాని దోషము గాదు.

మరియొక సంగతి. ఆ పరీక్షకు ఏ విషయములోనైనను పట్టమున్న చాలును. రాజనీతిశాస్త్ర మందు కోరి తీసికొనదగు విషయములలో నొకటి మాత్రమే. దానిని ఇంజనీర్లును వైద్యులును తీసికొని వ్రాయుచున్నారు. కావున ఆ పరీక్ష రాజనీతి విద్యార్థికి తాతలనాటి యాస్తి గాదు. "రాజనీతి చదివినాడు గనుక కలెక్టరు పరీక్ష" అనుట, "ఈత నేర్చినాడు గనుక ఓడకు యజమాని" యనుటవంటిది.

హైదరాబాదులోని అశోక్‌నగరు సందులలోను, చిక్కడపల్లి గ్రంథాలయపు మెట్లమీదను మేము పలుమారు నడచియున్నాము. తెల్లవారుజామున పుస్తకములు చంకబెట్టుకొని స్థలము కొరకు వచ్చు యువతీయువకులను చూచినప్పుడు వారి పట్టుదలకు గౌరవమును, వారి భవిష్యత్తును గూర్చి దిగులును నొక్కసారిగా కలుగును. అచ్చట మాకు పరిచితుడైన యువకు డొకడు కలడు. వయస్సు ముప్పదియొకటి. ఐదుమారులు పరీక్ష వ్రాసినాడు, ఆరవది కడపటిది. తండ్రి నల్లగొండ జిల్లాలో సేద్యగాడు. కుమారుని చదువు నిమిత్తము ఎకరము భూమి నమ్మినాడు. ఆ యువకు డొకనాడు మాతో, "అయ్యా, రాజ్యాంగములోని అధికరణము లన్నియు నాకు వరుసగా నోటికి వచ్చును. మా యూరిలో గ్రామసభ యెప్పుడు జరుగునో మాత్రము తెలియదు. పండుగకు పోయినను ఎవరైన నీ యుద్యోగ మేమైన దని యడుగుదురని వీధిలోనికి రాను" అని చెప్పెను. ఆ మాట విన్ననాటినుండి యీ వ్యాసము వ్రాయవలెనను తలంపు మమ్ము విడువలేదు. గ్రామస్వపరిపాలనమును గూర్చి పది పుటలు వ్రాయగలవాడు తన గ్రామమునకు ముఖము చాటువేయవలసివచ్చినచో, తప్పు ఆ విద్యది గాదు. దానిని మనము చేసిన వినియోగముది.

ఇందు గృహస్థుల దోష మెంత? మొదట మన మెంచవలసినది మన దోషమునే. కుమారుడు పెద్దపరీక్షకు చదువుచున్నాడన్న మాట వివాహపు సంతలో కొంత ధర పలుకును. ఆ ధర పోవునను భయముచేత తల్లిదండ్రులు "ఇంకొక్కసారి" యని తామే ప్రోత్సహించుచుందురు. కుమార్తె విషయమున దోషము వేరొక రూపము దాల్చును. "ఆడపిల్ల కేదో యొక బి.ఏ. చాలును, పెండ్లి కుదురువరకు కాలక్షేప మగును" అని రాజనీతిలో చేర్పింతురు. కుమారునికి నిచ్చెన, కుమార్తెకు కాలక్షేపము! ఇంటిలో నొక్కరైనను ఆ పుస్తకము తెరచి యిందేమున్నదని యడుగరు. కళాశాలల దోషమును తక్కువది గాదు. ప్రశ్నోత్తరముల చిన్నపుస్తకములు వల్లెవేయించి, ఒక్కనాడైనను విద్యార్థులను పురపాలకసంఘపు సమావేశమునకు గాని, న్యాయస్థానమునకు గాని కొనిపోక పట్టము లిచ్చుచున్నారు. నీటిని చూడక యీతను చదివినవాడు ఒడ్డుననే నిలిచిపోవుటలో వింత యేమి?

తలుపులు లేకపోలేదు, ఒక్క తలుపువైపే చూచుచుండుటచేత తక్కినవి కానరాకున్నవి. పట్టభద్రులకు మూడేండ్ల న్యాయవిద్య కలదు. రాజ్యాంగమును శ్రద్ధతో చదివినవానికి నందు సగము దారి ముందే నడచినట్లగును. ఎం.ఏ. చేసి జాతీయ అర్హతపరీక్షలో నెగ్గినవారికి అధ్యాపకత్వము కలదు. పత్రికలలో శాసనసభల చర్చలను, ఆదాయవ్యయపట్టికలను, న్యాయస్థానముల తీర్పులను తెలిసి వ్రాయగల తెలుగు రచయితల కొరత పాఠకు లందరు నెరిగినదే. శాసనకర్తలకు బిల్లులను చదివి సారము చెప్పు పనియు నొక వృత్తి యైనది. ఢిల్లీలో 2005లో స్థాపింపబడిన పి.ఆర్.ఎస్. అను పరిశోధనసంస్థ, యువపట్టభద్రులు పార్లమెంటు సభ్యులకు సహాయకులుగా నుండి యీ పని నేర్చుకొను నేర్పాటును 2010లో నారంభించినది. 2005నాటి సమాచారహక్కు చట్టము వచ్చిన పిమ్మట దస్త్రములను అడిగి తెప్పించి చదువగలవారి యవసరము ఊరూరను కలిగినది.

స్థానికపరిపాలనను ప్రత్యేకముగా చెప్పవలెను. 1992లో చేయబడిన 73వ రాజ్యాంగసవరణ పంచాయతులకు 29 విషయములను చూపినది. త్రాగునీరు, చిన్ననీటిపారుదల, ప్రాథమికవిద్య, ఆరోగ్యము మొదలగునవి యందున్నవి. వీనిని చదివి పరీక్షలో మార్కులు తెచ్చుకొన్నవారు వేలకొలది కలరు. వీనిని పట్టుకొని పనిచేసినవారు కొలదిమంది. ఆ కొలదిమంది యేమి చేయగలరో తెలుగుదేశమే యొకప్పుడు చూపినది. 2005నాటి గ్రామీణ ఉపాధిహామీ చట్టములోని 17వ సెక్షను పనులను గ్రామసభయే తనిఖీ చేయవలెనని విధించెను. ఆంధ్రప్రదేశమున 2006 మొదలుకొని యీ సామాజిక తనిఖీ పెద్దయెత్తున నడచినది. గ్రామముల యువతీయువకులే శిక్షణ పొంది, మస్టర్లను పట్టుకొని యింటింటికి పోయి, "ఇందు నీ పేర పన్నెండు దినములు వ్రాసియున్నవి, నీవు చేసినది ఎన్నిదినములు?" అని యడిగి, కొలతల పుస్తకములోని గుంతను పొలములోని గుంతతో సరిచూచి, ప్రజావేదికలో నధికారుల యెదుట చదివి వినిపించిరి. వారిలో పెక్కురు కూలివాండ్ర బిడ్డలు. ప్రభుత్వము ప్రజలకు జవాబుదారి యను సూత్రమునకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యాన మే గ్రంథమునను లేదు. అట్టి పనివారికి దొరకిన భృతి యల్పమే. కాని యా దినమున ఆ కూలికి దక్కిన కూలిడబ్బు అల్పము గాదు.

ఈ తలుపులలో నొకదానిని గూర్చి హెచ్చరిక చెప్పుట మా విధి. ఎన్నికల కాలమున పక్షములకు సర్వేలు చేసి, ఏ వీధిలో నే కులమువా రెందరో పట్టికలు వ్రాసి, ఏ మాట కెవరు లొంగుదురో చెప్పు వ్యాపార మొకటి మనదేశమున బలిసినది. రాజనీతి చదివినవారికి నందు జీతములును దొరకుచున్నవి. ప్రజాభిప్రాయమును తెలిసికొనుట తప్పు గాదు. పౌరుల కష్టములను నాయకులకు తెలియజేయుట మంచిపనియే. కాని పౌరుని యాలోచింపజేయుటకు నేర్చిన విద్యను వానిని రెచ్చగొట్టుటకు నమ్ముకొనుట, వైద్యుడు విషమును తూచి యిచ్చుటవంటిది. జీతము దొరకినంతమాత్రమున విద్య సఫలమైనదనువా రీ సందర్భమున నేమందురు? పదవియే విలువకు కొలమాన మైనచో ఈ పనికి వంకపెట్టుటకు మాట దొరకదు. ఆ కొలమానము చాలదని తెలిసికొనుట కీ యొక్క యుదాహరణమే చాలును.

సరియైన కొలమాన మెట్లుండునో మన రాజమహేంద్రవరపు బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి జీవితమున కనబడును. 1909లో పుట్టి, ఉప్పుసత్యాగ్రహమున చెరసాలకు పోయి, అచ్చట చదువులేని తోడిఖైదీల దురవస్థను కన్నులార చూచి, వెలుపలికి వచ్చిన పిమ్మట నామె చదువునకు గడంగిరి. ఆంధ్రవిశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రములో పట్టము పొందిరి. అంతటితో నాగక 1942లో మద్రాసున న్యాయశాస్త్రపట్టమును తీసికొని వకీలుపని చేసిరి. 1937లోనే ఆంధ్రమహిళాసభ నారంభించి స్త్రీలకు చదువును పనిని చూపిరి. 1946లో రాజ్యాంగసభకు పోయి స్వతంత్రభారత రాజ్యాంగరచనలో పాల్గొనిరి. 1952 ఎన్నికలలో నోడిపోయిరి. ఓడిపోయిన పిమ్మట ప్రణాళికాసంఘమున సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘికసంక్షేమమండలికి మొదటి యధ్యక్షురాలైరి. ఇందు చదువరులు గమనింపవలసినవి రెండు సంగతులు. ఆమెకు పని ముందు కనబడినది, పట్టము తరువాత వచ్చినది. రాజనీతికి తోడుగా న్యాయవాదిత్వమను చేతిపని నొకదానిని సంపాదించుకొనిరి. అందుచేత నొక తలుపు మూసికొన్నప్పుడు ఆమె వీధిలో నిలువబడలేదు.

"అట్టి మహనీయుల సంగతి వేరు, మా యింట నెల తిరుగకున్న బియ్యము రావు" అని గృహస్థుడు మమ్మడుగవచ్చును. ఈ యాక్షేపణ న్యాయమైనది. ఆకలిగొన్నవానికి దేశసేవ నుపదేశించుట మా యుద్దేశము గాదు. గోఖలేగారు 1905లో పూనాలో భారతసేవకసంఘమును స్థాపించినప్పుడు, సేవ చేయువాడును తినవలెనని యెరిగి, సభ్యులకును వారి కుటుంబములకును నిరాడంబరముగా బ్రదుకుటకు చాలు భృతి నేర్పరచిరి. జీవనము కొరకు గుమాస్తాపని చేసినను, అంగడిలో లెక్కలు వ్రాసినను, పిల్లలకు పాఠములు చెప్పినను రాజనీతి చదివినవానికి తలవంపు లేదు. తలవంపు మరియొక చోట నున్నది. ముప్పదియేండ్లు వచ్చినను తండ్రి యెకరము నమ్మించుకొనుచు, "పెద్దది వచ్చువరకు చిన్నపని ముట్టను" అనుటలో నున్నది. ఆ మాటను వానిచేత పలికించు మన పొగడ్తలోను నున్నది.

కావున మాకు తోచిన నియమములను కొన్నిటిని చెప్పుచున్నాము. పెద్దపరీక్షకు కూర్చుండదలచినవారు కూర్చుండవచ్చును. కాని యెన్ని సంవత్సరములో, ఎంత ద్రవ్యమో మొదటనే ఇంటివా రందరు కలిసి నిర్ణయించి కాగితముమీద వ్రాసికొనవలెను. శాసనము ముప్పదిరెండేండ్లవరకు ఆరుమారు లవకాశ మిచ్చినంతమాత్రమున ఆరును వాడితీరవలెనను విధి లేదు. చదువుచున్న కాలముననే రాజనీతికి తోడు ఒక చేతిపనిని నేర్వవలెను. న్యాయమో, గణాంకశాస్త్రమో, లెక్కల తనిఖీయో, రెండు భాషలలో తప్పులేక వ్రాయుటయో, ఏదైనను సరియే. నెలకొక్కసారియైనను తన యూరి పంచాయతీకో, వార్డు కార్యాలయమునకో పోయి, ఒక్క పేదవాని పని తుదముట్టువరకు వెంట నిలువవలెను. ఒక వితంతువునకు రావలసిన పింఛను ఏ బల్లమీద నాగిపోయినదో కనిపెట్టినవాడు, అధికారమును గూర్చి పది గ్రంథములు చెప్పనిదానిని తెలిసికొనును. ఉద్యోగమిచ్చువారును అట్టివానినే వెదకుచుందురు.

తల్లిదండ్రులకు మా ప్రార్థన యొక్కటియే. బంధువు లింటికి వచ్చి "ఇక నేమి చేయును?" అని యడిగినప్పుడు తడబడవలదు. "ఇంకను వెదకుచున్నాడు, అంతవరకు ఫలాని పని చేయుచున్నాడు" అని నిజము చెప్పుడు. కుమార్తె చదివినచో నామెను గూర్చియు నట్లే చెప్పుడు. మీరా మాటను సిగ్గుపడక చెప్పిననాడు, గ్రంథాలయపు మెట్లమీది యా నల్లగొండ యువకుడు పండుగకు తన యూరికి పోయి, వీధిలో నడచి, గ్రామసభ యెప్పుడని నలుగురి నడుగగలడు. అతడు చదివిన చదువునకు పని యచ్చటనే యెదురుచూచుచున్నది.